సీసాలకు స్థానచలనం

మా ఆవిడ ఇందుమతికి బదిలీ అయిందని తెలిసినప్పుడు, కొత్త ఊళ్లో గాలి వెలుతురు ఉన్న ఇల్లు దొరుకుతుందా అని ఆమె ఆలోచించింది. నేను నా సీసాల గురించి ఆలోచించాను.

ఇందుమతి బీమా కంపెనీలో ఉద్యోగి. ఈసారి ప్రమోషన్ మీద బదిలీ. నేను పెయింట్ల కంపెనీలో ప్రాంతీయ మేనేజరుగా చేసి, పైవాళ్లు ఎంతో మర్యాదగా ప్రోత్సహించగా స్వచ్ఛందంగా విరమించినవాణ్ణి. ఇంట్లో ఉన్న సామాను చాలావరకు ఆమెది. సీసాలు మాత్రం నావి. నలభై పైచిలుకు ఉంటాయి. వాటిలో ఉన్నది వైన్.

వైన్ అనగానే అపార్థం చేసుకోవద్దు. మన ఊళ్లలో వైన్ షాపు అని బోర్డు పెట్టిన చోట దొరకని సరుకు ఒక్కటే ఉంటుంది, అది వైన్. నేను చెప్తున్నది అసలు సిసలైన ద్రాక్ష వైన్. బెరడు బిరడా కొట్టి, చీకటి గదిలో చల్లగా పడుకోబెట్టి ఉంచేది.

ఈ పిచ్చి నాకు కంపెనీ అంటించింది. ఒక ఏడాది బాగా అమ్మిన డీలర్లను ద్రాక్షతోటల యాత్రకు పంపుతూ, వాళ్లకు కాపలాగా నన్ను కూడా పంపింది. అక్కడ టై కట్టుకున్న ఒకాయన గ్లాసును గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు పెట్టి, తడిసిన మట్టి, పాత తోలు, మగ్గిన చెర్రీపండు వాసనలు వస్తున్నాయని చెప్పాడు. నాకు పులుపు తప్ప ఇంకేమీ తెలియలేదు. డీలర్లు అందరూ తలలూపుతున్నారు కాబట్టి నేనూ ఊపాను. తిరుగు ప్రయాణంలో ఆలోచిస్తే ఇది నాకు చేతనైన విద్యే అనిపించింది. ఒకే తెల్లరంగుకు పదకొండు పేర్లు పెట్టి ఇరవై ఏళ్లు అమ్మినవాణ్ణి. ఒకే పులుపుకు పదకొండు పేర్లు పెట్టలేనా?

అలా సీసాలు చేరడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ వాటి గదిలో పెట్టించాను. మేము హాల్లో ఫ్యాను కింద పడుకునేవాళ్లం. వైన్ పాతబడేకొద్దీ బాగుపడుతుందని పుస్తకాల్లో ఉంది. ఎంత పాతబడాలో లేదు. అందుకని ఏ సీసానూ తెరవలేదు. ఇంటికి ఎవరైనా వస్తే ఆ గదిలోకి తీసుకెళ్లి, ఒక్కో సీసా చరిత్ర చెప్పి, మళ్లీ పడుకోబెట్టి, కాఫీ ఇచ్చి పంపేవాణ్ణి. మా పెళ్లయిన ఏడాది తయారైన ఫ్రెంచి సీసా ఒకటి సంపాదించాను. ఇరవై అయిదో పెళ్లిరోజున తెరుస్తానని ఇందుమతికి మాటిచ్చాను. ఆ రోజు వచ్చినప్పుడు, అది ఇంకా పక్వానికి రాలేదని చెప్పాను. ఆవిడ పాయసం చేసింది.

ఊళ్లో నాలాంటివాడే ఉపేంద్ర అని ఒకాయన కలిశాడు. ఇద్దరం కలిసి ద్రాక్షారస ప్రియుల సమితి పెట్టాం. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని, మిగతా పదవులు ఖాళీ. ప్రభుత్వానికి వైన్ విషయంలో ఏ సలహా కావలసినా మా సమితి సిద్ధంగా ఉందని అప్పట్లో సంబంధిత శాఖకు ఒక ఉత్తరం కూడా రాశాను. జవాబు రాలేదు.

సామాను సర్దడానికి వచ్చిన మేస్త్రీ ఇల్లంతా చూసుకుంటూ ఆ గది దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"సార్, పచ్చడి జాడీలు ఎన్నన్న చెప్పుండ్రి, తీస్కపోతం. ఇవి మాతోని కాదు. సరిహద్దుల బండి ఆపి అందర్ని దింపుతరు" అన్నాడు.

మేము వెళ్లవలసింది అవతలి రాష్ట్రానికి. ఉన్నది ఇవతలి రాష్ట్రంలో. రెండింటి పేర్లూ చెప్పను. రెండుచోట్లా మాట్లాడేది తెలుగే, మధ్యలో ఉన్నది మాత్రం చెక్‌పోస్టు. సీసాలకు పర్మిట్ కావాలని, అది పానీయ స్థానచలన విభాగంలో ఇస్తారని మేస్త్రీయే చెప్పాడు. మర్నాడే వెళ్లాను.

ఆ విభాగానికి అధికారి బత్తుల ఏకాంబరం గారు. చాలా మంచి మనిషి. ఎదుటివాడికి సాయం చేయాలన్న తపన ఆయన ముఖంలోనే కనిపిస్తుంది. ఆ తపనే లేకపోతే నా పని మొదటిరోజే చెడిపోయి ఉండేది, నేనూ ప్రశాంతంగా ఇంటికి వచ్చేసేవాణ్ణి.

ఆయన నా దరఖాస్తు రెండుసార్లు చదివి, సదరు ద్రవ్యము మనిషికి మూడు సీసాలకు మించి సరిహద్దు దాటరాదని, దాటితే అది వ్యాపారం కిందికి వస్తుందని చెప్పాడు. నేను ఒక్క సీసా కూడా అమ్మలేదని, అమ్మబోనని చెప్పాను.

"అమ్మనోడే అసలు వ్యాపారి అంటది రూలు. ధర పెరిగేదాక ఆగుతున్నడన్నట్టు" అన్నాడాయన జాలిగా.

తర్వాత తనే ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. బదిలీ అయిన ఉద్యోగి కుటుంబం తన గృహోపకరణాలను ఎన్నయినా తీసుకుపోవచ్చు, వాటికి లెక్క లేదు. నేను సంతోషించాను. అయితే అవి వాడిన వస్తువులై ఉండాలి. వాడిన వైన్ అంటే ఏమిటని ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. మూత తీస్తే వాడినట్టే. కానీ మూత తీసిన సీసా బండి ఎక్కకూడదని ఇంకో రూలు ఉంది. పూర్తిగా వాడినది అయితే ఖాళీ సీసా, దానికి ఏ అభ్యంతరమూ లేదు. అంటే తమరు ఉన్నదంతా ఇక్కడే సేవించి, కడుపులో పెట్టుకుని వెళ్తే శాఖ అడ్డు చెప్పదని ఆయన స్పష్టం చేశాడు. నలభై పైచిలుకు సీసాలు ఉన్నాయని గుర్తు చేశాను. మనిషి తాగే కొలతకు పరిమితి ఏదీ రూళ్లలో కనబడలేదన్నాడు.

నా ముఖం చూసి ఆయనకు మనసొప్పలేదు. బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, వెతికి, వేలు పెట్టి చూపించాడు. మానవ సేవనానికి అనర్హమైన ద్రవాల పట్టిక అది. అందులో ఉన్నవాటిని ఎవరైనా, ఎన్నయినా, ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. ఫినాయిలు, వార్నిషు, సిరా, దీపాల నూనె, ఆ తర్వాత వరసలో పాడైపోయిన వైన్. మీ వైన్ పాడైపోయిందని నిర్ధారణ సంఘం రాసిస్తే చాలు, రేపే బండెక్కించవచ్చు అన్నాడు. ఫినాయిలు కింద వరసలో నా సీసాలను ఊహించుకుంటే గుండె కలుక్కుమంది. అయినా సరిహద్దు దాటేదాకానే కదా అని సర్దిచెప్పుకుని సరేనన్నాను.

నిర్ధారణ సంఘంలో ముగ్గురు ఉండాలి. ఏకాంబరం గారు అధ్యక్షుడు. ప్రభుత్వాసుపత్రి నుంచి డాక్టర్ పుష్పలీల వైద్య సభ్యురాలు. మూడో స్థానం నిపుణుడిది. వైన్ గురించి తెలిసినవాళ్లు శాఖలో ఎవరూ లేకపోవడంతో పాత కాగితాలన్నీ తిరగేశారు. వాటిలో మా సమితి పంపిన ఉత్తరం దొరికింది. వారం తిరక్కుండా మా ఇంటికి ఒక తాఖీదు వచ్చింది. సారంగపాణి అనే వ్యక్తి దరఖాస్తు చేసుకున్న వైన్‌ను పరీక్షించడానికి నిపుణుడిగా రావలసిందని, ద్రాక్షారస ప్రియుల సమితి కార్యదర్శి సారంగపాణిని కోరుతూ.

పరుగెత్తుకుంటూ వెళ్లి, ఆ ఇద్దరూ నేనేనని ఏకాంబరం గారికి చెప్పాను. ఆయన ఏమాత్రం చలించలేదు.

"ఎరుకే. కానీ ఫైల్ల మీరు ఇద్దరు. ఒకరు అర్జీదారు, ఒకరు నిపుణులు. ఒకరి ప్రభావం ఇంకొకరి మీద పడకుంట చూసుకోండ్రి, అంతే."

ఇంతకంటే సులువైన పని ఉంటుందా అనుకున్నాను. ఇద్దరు అధికారులు ఎలా చెప్పినా, మూడోవాణ్ణి నేనే కదా.

పరీక్ష రోజున సీసాల జాబితాతో, అట్టపెట్టెలతో వెళ్లాను. అర్జీదారును కాబట్టి వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. మంచినీళ్లు అడిగితే అటెండరు కుళాయి చూపించాడు. కాసేపటికి అదే అటెండరు వచ్చి, వంగి, నిపుణులు గారిని లోపలికి రమ్మంటున్నారని చెప్పాడు. లోపల కుషన్ కుర్చీ, టీ, సాసర్లో బిస్కెట్లు. ఏకాంబరం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. ఒక పావుగంటలో మనిషి విలువ ఇంత పెరగడం కంపెనీలో ఉన్నన్నాళ్లూ నేను చూడలేదు. ఇదంతా ఇంత వివరంగా చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినదానికి ఆ కుర్చీ కూడా కొంత కారణం.

అన్ని సీసాలూ తెరవనక్కరలేదని, చీటీ తీసి ఒకటి తెరిస్తే చాలని డాక్టర్ పుష్పలీల అన్నారు. చీటీ తీశారు. మా పెళ్లినాటి ఫ్రెంచి సీసా వచ్చింది. ఇంకో చీటీ తీస్తే బాగుంటుందేమోనని సూచించాను. అర్జీదారు తరఫున మాట్లాడటం నిపుణులకు తగదని అధ్యక్షుడు సున్నితంగా మందలించాడు. బిరడా తీసే పరికరం నా దగ్గర ఉంది. కొన్నప్పటి కాగితం కూడా ఊడలేదు. దాన్ని ఎటు తిప్పాలో తెలియక తంటాలు పడుతుంటే డాక్టరుగారు తన సంచిలోంచి పట్టుకారులాంటిది తీసి, బిరడాను ముక్కలు ముక్కలుగా పీకేశారు. టీ గ్లాసుల్లో తలా కాస్త పోశారు.

డాక్టరుగారు ఒక గుటక వేసి, మా ఆసుపత్రి దగ్గుమందు దీనికంటే నయం, తాగరానిది అని రాసి సంతకం పెట్టారు. ఏకాంబరం గారు నాలుకకు తాకించి, కళ్లు మూసుకుని, తాగరానిదేనన్నాడు. రెండు ఓట్లు నాకు అనుకూలంగా పడ్డాయి. ఇక నేను అవునంటే చాలు, సాయంత్రానికి సీసాలు బండెక్కుతాయి.

గ్లాసు ఎత్తి తాగాను. ఉన్నమాట చెప్తున్నాను, అది పాడైందో బాగుందో నాకు తెలియలేదు. పుల్లగా ఉంది. బాగున్న వైన్ కూడా పుల్లగానే ఉంటుంది. ఎలాగైనా నేను అనవలసింది ఒక్క మాటే. అది అనబోతుండగా ఏకాంబరం గారు నా వైపు వంగి, నిపుణుడితో నిపుణుడు మాట్లాడుతున్నట్టు, గొంతు తగ్గించి అన్నాడు:

"ఈ పాడైన నీళ్లను ఇన్నేండ్లు ఏసీల పెట్టి దాచిండంట అర్జీదారు. ఎవలో గానీ పాపం, అమాయకుడు."

నేను గ్లాసు కింద పెట్టాను. తిరిగి ఎత్తాను. గుండ్రంగా తిప్పాను. ముక్కు పెట్టాను. తర్వాత నేను ఎంతసేపు మాట్లాడానో నాకు గుర్తులేదు. తొలకరికి తడిసిన గడ్డివాము అన్నాను. పాత గ్రంథాలయంలో చెక్క బీరువా తలుపు తెరిచినప్పటి గాలి అన్నాను. మగ్గిన అత్తిపండు, దాని వెనక ఎక్కడో కాస్త మిరియం. ఇలాంటి వైన్ లక్ష సీసాల్లో ఒకటి ఉంటుందని, దీన్ని గుర్తించి కాపాడినవాడు సామాన్యుడు కాడని చెప్పి ముగించాను. డాక్టరుగారు తన గ్లాసులోకి మళ్లీ ఒకసారి చూసుకున్నారు. ఏకాంబరం గారు ప్రతి మాటా రాసుకుని, చివర గీత గీసి, లేచి నాకు చేయి కలిపాడు. రుచి విషయంలో అభిప్రాయభేదం వస్తే నిపుణుడి మాటే చెల్లుతుందని రూలు ఉందట. ద్రవ్యము అత్యుత్తమమైనదని నిర్ధారణ అయినట్టు ప్రకటించి, నన్ను గుమ్మం దాకా సాగనంపాడు.

రెండు నిమిషాల తర్వాత అర్జీదారును పిలిచారు. ఈసారి కుర్చీ వేయలేదు.

"మీరు అబద్ధమాడిండ్రు" అన్నాడు ఏకాంబరం గారు బాధగా. "మంచి సరుకును పాడైందని దాటించే ప్రయత్నం చేసిండ్రు. నిపుణులు పట్టేసిండ్రు."

నోటీసు చేతిలో పెట్టాడు. పరిమితికి మించి అత్యుత్తమ మద్యం ఇంట్లో నిల్వ ఉంచడం ఒక నేరం. దాన్ని చెడిపోయినదని నమ్మించబోవడం ఇంకో నేరం. సీసాలు జప్తు చేయాలి. బదిలీ సామానులో భాగంగా దరఖాస్తు పెట్టాను కాబట్టి ఒక నకలు బదిలీ అయిన ఉద్యోగి ఆఫీసుకు కూడా వెళ్తుంది.

ఆ చివరి వాక్యం మళ్లీ ఒకసారి చదివాను. ఇందుమతి ఆ ప్రమోషన్ కోసం ఎన్ని ఏళ్లు ఎదురుచూసిందో నాకు తెలుసు. ఆమె తర్వాత చేరినవాళ్లు ఆమె మీద అధికారులయ్యారు. ఇన్నాళ్లకు వచ్చింది, ఇప్పుడు మొగుడి మీద మద్యం కేసు ఉందని కాగితం వెళ్తే పైవాళ్లు ఏమంటారో చెప్పనక్కరలేదు. ఇంటికి వచ్చి అంతా చెప్పాను. ఆమె చీరలు మడత పెడుతూ విన్నది. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది కదా అని అడిగింది. అమాయకుడన్నారని చెప్పాను. ఆమె నా వైపు చూసి, మడత పెట్టిన చీరను మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు ఏకాంబరం గారి కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన అర్జీదారు మీద కోపం పక్కనపెట్టి మళ్లీ సాయానికి పూనుకున్నాడు. నిపుణుడి మాట కొట్టేయాలంటే దారి ఒక్కటే ఉంది. ఆయనకు వైన్ గురించి ఏమీ తెలియదని విచారణలో రుజువు చేయాలి. చేయగలిగితే ఆ ఓటు చెల్లదు, మిగతా రెండు ఓట్లతో సరుకు పాడైనట్టే. నోటీసు కూడా రద్దవుతుంది. అర్జీదారుగా మీరే ఆరోపణ చేయాలి, నిపుణుడిగా మీరే జవాబు చెప్పుకోవాలి, సాక్షులను తెచ్చుకోండి అన్నాడు.

సాక్షిగా ఉపేంద్రను బతిమాలి తీసుకెళ్లాను. స్నేహితుడికి మచ్చ తేవడం ఇష్టం లేక ఆయన మొదట నన్ను చాలా పొగిడాడు. నేను కళ్లతో సైగ చేశాక, ఒకసారి వాళ్లింట్లో దానిమ్మ షర్బత్ ఇస్తే అది ఏ లోయలో పండిన ద్రాక్షో నేను అరగంట చెప్పానని బయటపెట్టాడు. అది షర్బత్ అన్న సంగతి నాకు అప్పటివరకు తెలియదు. ఆ రోజు అరగంటసేపు ఆయనా తలూపుతూనే ఉన్నాడు.

తర్వాత ఇందుమతి వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఏకాంబరం గారు కుర్చీ చూపిస్తే అక్కర్లేదని నిలబడే మాట్లాడింది.

"మా ఆయన ఏ సీసా గురించైనా గంట చెప్పగలరండీ. తాగి చెప్పమంటే చెప్పలేరు. మా పెళ్లిరోజుకి తెరుస్తానన్న సీసా మొన్న మీరు ముగ్గురూ తెరిచారు. అది ఎలా ఉందో నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. కాకపోతే నాకు తెలీదని నేను ఒప్పుకుంటాను."

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

సాక్ష్యాలు బలంగానే ఉన్నాయి గానీ, పరీక్ష పెట్టకుండా నిపుణుణ్ణి తొలగించడం న్యాయం కాదని ఏకాంబరం గారు అభిప్రాయపడ్డాడు. నా కళ్లకు తువ్వాలు కట్టారు. మూడు గ్లాసులు వరసగా ఇస్తారు, ఏది ఏమిటో చెప్పాలి. తప్పు చెప్తే బయటపడతాను. నేను ఒక పథకం వేసుకున్నాను. రుచి చూసి నిజంగా ఏమిటో మనసులో కనిపెట్టాలి, పైకి మాత్రం వేరేది చెప్పాలి. అలా అయితే కేసూ పోతుంది, నాకు నా మీద ఉన్న గౌరవమూ మిగులుతుంది.

మొదటి గ్లాసు తాగాను. సందేహం లేదు, వైన్. నేరేడుపండ్ల రసం అన్నాను. గదిలో చిన్న కలకలం వినిపించింది. అది నేరేడుపండ్ల రసమే.

రెండోది తాగాను. ఇది మామూలు ద్రాక్షరసమని ఖాయంగా తెలిసింది. వైన్ అన్నాను. ఏకాంబరం గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలిన చప్పుడు వినపడింది. అది వైన్. రెండుకు రెండూ సరిగా చెప్పాను. ఇంకొకటి సరిగా చెప్తే ఈ రాష్ట్రంలో నన్ను మించిన నిపుణుడు లేడని రికార్డు అవుతుంది. ఇందుమతి ఎటు నిలబడి ఉందో తెలియక అటూ ఇటూ తల తిప్పాను.

మూడో గ్లాసు దగ్గర నాకు పథకం మీద నమ్మకం పోయింది. ఏది అనిపిస్తే అదే చెప్పేశాను. ఇది చాలా పాత వైన్, బహుశా ఫ్రాన్సుది, మంచి చేతిలో తయారైంది అన్నాను. తువ్వాలు విప్పారు. ఎదురుగా డాక్టర్ పుష్పలీల చేతిలో దగ్గుమందు సీసా ఉంది. నీళ్లు కలిపారట.

మూడింట రెండు ఒప్పు కాబట్టి నిపుణుడు నెగ్గినట్టేనని ఏకాంబరం గారు నిట్టూర్చి కలం అందుకున్నాడు. ఇందుమతి చేతిసంచి పట్టుకుని తలుపు వైపు తిరిగింది. అప్పుడు నేను లేచాను. అంతమంది ముందు అలాంటి మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఆగండి. మొదటి రెండూ నేను కావాలని అబద్ధం చెప్పాను. నేరేడు రసం వైన్ అనుకున్నాను. వైన్ ద్రాక్షరసం అనుకున్నాను. దగ్గుమందు ఒక్కదానికే నిజం చెప్పాను."

ఏకాంబరం గారు కలం ఆపి, ఆ మూడు మాటలనూ వరసగా రాసుకుని, పక్కన మూడు తప్పు గుర్తులు పెట్టుకున్నాడు. ఆయన ముఖం మెల్లగా వికసించింది. విచారణ ఫలితం అప్పటికప్పుడే చదివి వినిపించారు. సదరు సారంగపాణికి వైన్ విషయమై ఎట్టి జ్ఞానమూ లేదనియు, అసత్యమాడినప్పుడు మాత్రమే ఆయన అభిప్రాయము వాస్తవముతో సరిపోవుచున్నదనియు విచారణలో తేలినది. దాని కింద ప్రభుత్వ ముద్ర వేశారు. నోటీసు రద్దయింది. ఇందుమతి ఆఫీసుకు కాగితం వెళ్లలేదు. అర్జీదారుగా నాకు ఏకాంబరం గారు మొదటిసారి టీ తెప్పించాడు. నిపుణుడి పేరు అటెండరు కూడా ఎత్తలేదు.

సీసాలన్నిటికీ ఎర్ర అక్షరాల చీటీలు అంటించారు. మానవ సేవనానికి అనర్హం. ఎంత గీకినా ఊడని జిగురు అది. చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన పెట్టె తెరిచి, చీటీ చదివి, ఇంత ఫినాయిలు ఎందుకండీ అని మాత్రం అడిగాడు. మా ఆవిడకు శుభ్రం ఎక్కువని చెప్పాను.

కొత్త ఊళ్లో ఏసీ పడకగదిలో పెట్టించాం. సీసాలు వంటింటి గట్టు కింద చేరాయి. మొదటి ఆదివారం సాయంత్రం ఇందుమతి తనే ఒకటి తీసుకొచ్చి, తెరవమంది. తెరిచాను. అది నిజంగానే చెడిపోయి వెనిగరు అయింది. ఆవిడ దాన్ని ఉల్లిపాయ ముక్కల మీద చల్లి పక్కన పెట్టింది. రెండోది తెరిపించింది. ఒక గుటక తాగి, కనుబొమలు ఎత్తి, బాగుంది అంది. నేను ఆమె ముఖం చూసి, తర్వాత తాగాను. నిజంగానే బాగుంది. అప్పటినుంచి ఆదివారాలు ఆమె ముందు తాగుతుంది, నేను ఆమె కనుబొమలు చూసి నేర్చుకుంటున్నాను. ఎర్ర చీటీలను చూసి ఇంటికొచ్చేవాళ్లు కంగారుపడతారు. వాళ్లకు కాఫీ ఇస్తాం.

ఇక్కడికి వచ్చి రెండు నెలలు కాకుండానే ఈ రాష్ట్రపు శాఖ నుంచి పిలుపు వచ్చింది. సీసాల తాలూకు కాగితాలు సరిహద్దు దాటి వీళ్లకు చేరాయట. అధికారిణి లలితకుమారి గారు ఎంతో మన్ననగా కూర్చోబెట్టి, తమ నిర్ధారణ సంఘంలో నిపుణుడి స్థానం ఖాళీగా ఉందని, వైన్ విషయంలో ప్రభుత్వ ధ్రువపత్రం ఉన్న మనిషి రెండు రాష్ట్రాల్లోనూ నేనొక్కణ్ణేనని చెప్పారు. ఆ పత్రంలో ఏం రాసి ఉందో దయచేసి ఒకసారి చదవమన్నాను.

"చదివామండీ" అన్నారావిడ. "తెలిసినవాళ్లని పెట్టుకుంటే ఒకళ్లతో ఒకళ్లకి పడదండీ, ఏ ఫైలూ కదలదు. మీకైతే ఆ ఇబ్బంది లేదు కదండీ. ముద్ర కూడా ఉంది."

ఆలోచించుకుని చెప్తానని ఇంటికి వచ్చాను. ఇందుమతి గట్టు కింద సీసాలు సర్దుతోంది. జరిగింది చెప్పాను. కుషన్ కుర్చీ ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఆమె లేచి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"వెళ్లండి, వద్దనను. కానీ అక్కడ గ్లాసు చేతికిచ్చి ఎలా ఉందని అడిగితే ఏం చెప్తారు?"

"తెలీదని చెప్తాను" అన్నాను.

"మరీ మరీ అడిగితే?"

నేను గట్టు కింద ఎర్ర చీటీల వైపు చూశాను.

"మా ఆవిణ్ణి అడిగి చెప్తానంటాను."

ఆమె ఒక సీసా తీసి నా ముందు పెట్టి, గ్లాసులు తేవడానికి లేచింది. అది ఆదివారం కాదు.